చలిలో సైకిల్ మీద పొద్దున షిఫ్ట్‌కి: లోపల చెమట, బయట వణుకు

గోపాలపట్నం_గేరు
వైజాగ్‌లో గోపాలపట్నం నుంచి గాజువాక ఆటోనగర్‌కి రోజూ సైకిల్ మీదే వెళ్తాను. పోను 12 కిలోమీటర్లు, రాను 12. ఆరింటి షిఫ్ట్, కాబట్టి 5 దాటగానే ఇంట్లోంచి బయటపడాలి. అక్టోబర్ దాకా ఏ గొడవా లేదు. ధనుర్మాసం పెట్టిన దగ్గర్నుంచి రోజూ ఇదే గోల. ఎన్ఏడీ జంక్షన్ దాటి ఎయిర్‌పోర్ట్ దగ్గరికి వచ్చేసరికి చెవులు పీకేస్తాయి, ముక్కు కారుతూనే ఉంటుంది. స్వెట్టర్ లోపల చూస్తే బనియన్ పిండుకోవచ్చు. షెడ్డులో నిలబడ్డ పావుగంటకి అసలు చలి మొదలవుతుంది. ఆ తడి బనియన్‌తోనే ఎనిమిది గంటలు. పట్టుకున్న దగ్గు రెండు వారాలైనా వదల్లేదు.

ఇంకోటి మొన్న మంగళవారం జరిగింది. ఎయిర్‌పోర్ట్ దాటాక మంచు బాగా దిగి ఉంది. మంకీ క్యాప్ పెట్టుకున్నాను. వెనక లారీ హారన్ వినపడేసరికే అది నా పక్కన ఉంది. హ్యాండిల్ ఎడమకి కోసేసి మట్టిలోకి దిగిపోయాను. పడలేదు. కానీ అరగంట సేపు కాళ్ళు వణికాయి, అది చలికి కాదు.

ఇంట్లో చెప్పడం నా బుద్ధి తక్కువ. మా ఆవిడ సైకిల్ తాళం దాచేసింది. బస్సులో వెళ్ళమంటోంది. ఆ టైముకి మా వైపు బస్సు నమ్ముకుంటే హాజరు పోతుంది. పైగా సైకిల్ మానడం నాకు ఇష్టం లేదు. చలికాలం కూడా తొక్కేవాళ్ళు ఏం వేసుకుంటున్నారో, ఏం చేస్తున్నారో చెప్పండి.

టొరంటో_తమ్ముడు
వైజాగ్‌లో చలా? ఈ పొద్దున ఇక్కడ మైనస్ 11. అయినా మా ఆఫీసుకి సైకిల్ మీద వచ్చేవాళ్ళున్నారు. మీకు కావాల్సింది స్వెట్టర్ కాదు, ఒక కప్పు టీ.

బీచ్‌కాకి
వచ్చాడండీ మైనస్. ప్రతి డిసెంబర్‌కీ ఒకడు తప్పడు.

మబ్బుల_మేస్త్రి
తమ్ముడూ, వాతావరణ శాఖే మన మీద జాలిపడింది, నీకేమైంది? మైదానం ఊళ్ళలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10కి దిగితే గాని శీతల గాలులు అనే మాట వాడరు. తీరం ఊళ్ళకి ఆ గీత 15. మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు తగ్గి, 15 లోపు ఉంటే చాలు. ఉక్కపోతకి అలవాటుపడ్డ ఒంటికి 16 కూడా చలే. నమ్మకపోతే మా బాత్రూంలో కొబ్బరినూనె సీసా చూడు. నెల రోజులుగా పుల్ల పెట్టి తవ్వుకుంటున్నాం.

చైన్‌గ్రీజ్
మర్రిపాలెం నుంచి పదకొండేళ్ళుగా తొక్కుతున్నాను కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తున్నా.

గేరు గారూ, మీకు పట్టిన చలి గాలిది కాదు, చెమటది. గాలి కంటే నీరు సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడి లాగేస్తుంది. నూలు బనియన్ చెమట పీల్చుకుని ఒంటికి అంటుకుని ఉంటుంది. మీరు తొక్కినంత సేపూ ఒళ్ళు వేడి పుట్టిస్తుంది కాబట్టి తెలియదు. దిగి నిలబడగానే ఆ తడి మిమ్మల్ని తినేస్తుంది. అందుకే షెడ్డులో వణుకు.

కాబట్టి తగ్గించండి. గుమ్మంలో నిలబడినప్పుడు కొంచెం చలి వేయాలి. అక్కడే వెచ్చగా ఉందంటే ఎక్కువ వేసుకున్నట్టు. మొదటి కిలోమీటరు తిట్టుకుంటారు, రెండో దానికి సరిపోతుంది. నూలు బనియన్ మానేసి పిల్లలు ఆటలకి వేసుకునే పాలిస్టర్ జెర్సీ వేసుకోండి. చెమట పట్టినా గబుక్కున ఆరుతుంది. దాని మీద గాలి ఆపే పల్చటి విండ్‌చీటర్, ముందు జిప్పు ఉన్నది. స్వెట్టర్ గాలిని ఆపదు, ఆ కన్నాల్లోంచి దూరిపోతుంది. ఆరిన బనియన్, చిన్న తువ్వాలు ఒక పాలిథిన్ కవర్లో పెట్టి క్యారేజీకి కట్టుకోండి. షెడ్డుకి చేరగానే ముందు టీ కాదు, ముందు బనియన్ మార్చడం.

ఎండాడ_ఎక్కుడు
జిప్పు మాట వంద శాతం కరెక్ట్. నాది మధురవాడ నుంచి మద్దిలపాలెం. మన ఊళ్ళో చదును రోడ్డు ఎక్కడుంది గురూ, ఎక్కడమో దిగడమో. ఎండాడ ఎక్కేటప్పుడు జిప్పు బొడ్డు దాకా దించేస్తా, దిగే ముందు గడ్డం దాకా లాగేస్తా. ఎక్కి తడిసిన ఒంటితో దిగేటప్పుడు తగిలే గాలి ఉంటుందే, అదే అసలు చలి.

షిప్‌యార్డు_తాత
విండ్‌చీటర్లు మాకెక్కడివి? పేపరు మడిచి చొక్కాలో ఛాతీ మీద పెట్టుకునేవాళ్ళం. గాలి ఆపడంలో దాన్ని మించింది లేదు. చేరాక తీసి టిఫిన్ కింద పరుచుకోవడమే. షిఫ్ట్ వదిలితే సింధియా రోడ్డంతా సైకిళ్ళే, బెల్లుల మోతకి పక్కవాడి మాట వినపడేది కాదు. చెమట పట్టిన రోజు హెడ్డింగు ఒంటికి అచ్చు పడేది. ఇంటికొచ్చాక మా ఆవిడ చదివేది.

బీచ్‌కాకి
తాతగారూ, ఇప్పుడు ఫోన్ పెట్టుకుంటే అచ్చు పడదు.

సుజాత_ఎంవీపీ
అందరూ బట్టల మీదే పడ్డారు. ఆయన లారీ కింద పడబోయారు, అది ముందు చూడండి. మంకీ క్యాప్ తీసేయండి. చెవులు మూసుకుని హైవే మీద తొక్కడం ఏమిటి?

పెందుర్తి_పిల్లోడు
మంకీ క్యాప్ తీసేస్తే చెవిపోటు. నాకు పోయిన ఏడాది చెవిలో చీము పట్టింది, మీరొచ్చి మందు వేస్తారా అక్కా?

సుజాత_ఎంవీపీ
చెవి పోటుకి మందుంది తమ్ముడూ.

ఎండాడ_ఎక్కుడు
గొడవెందుకు. చెవుల మీదుగా తల చుట్టూ తిరిగే పట్టీ దొరుకుతుంది, పల్చటిది. దాని మీద హెల్మెట్ కూడా సరిగ్గా కూర్చుంటుంది. మంకీ క్యాప్ మీద హెల్మెట్ పెడితే పకోడీ పొట్లంలా ఊగుతుంది. సైకిల్‌కి హెల్మెట్ తప్పనిసరి అని చట్టంలో లేకపోయినా తల మనదే కదా.

చైన్‌గ్రీజ్
సుజాత గారూ, మీతో సగం ఒప్పుకుంటా. ఉన్ని టోపీ శబ్దాన్ని మరీ అంత ఆపదు. స్పీడు మీద ఉన్నప్పుడు చెవుల్లో గాలి హోరే సగం శబ్దం తినేస్తుంది, టోపీ ఉన్నా లేకున్నా. కానీ అసలు పొరపాటు వేరే చోట ఉంది. చెవులతో లారీని తప్పించుకుందాం అనుకోవడమే తప్పు లెక్క. 60 స్పీడులో వచ్చే లారీ సెకనుకి దాదాపు 17 మీటర్లు వస్తుంది. మంచులో 50 మీటర్లే కనపడుతోందంటే డ్రైవర్ చేతిలో ఉన్నది మూడు సెకన్లు. మీరు హారన్ విని తిరిగేసరికి రెండు అయిపోతాయి. మీరు ఆయన్ని వినడం కాదు, ఆయన మిమ్మల్ని 150 మీటర్ల అవతల నుంచి చూడాలి.

గేరు గారూ, మీ సైకిల్‌కి వెనక ఏముంది?

గోపాలపట్నం_గేరు
మడ్‌గార్డు మీద ఎర్ర రిఫ్లెక్టర్ ఉండేది. సగం విరిగింది. లైట్ లేదు. ముందు టార్చి తాడుతో కట్టా.

చైన్‌గ్రీజ్
అయితే ఆ లారీ డ్రైవర్‌ని తిట్టకండి.

గోపాలపట్నం_గేరు
తిట్టలేదండీ. ఆయనే నన్ను తిట్టాడు.

నైట్‌డ్యూటీ_నర్సు
నేను రాత్రి డ్యూటీ దిగి తెల్లవారుజామున హనుమంతవాక మీదుగా ఇంటికి వస్తాను. తెల్ల యూనిఫాం కదా కనపడతాను అనుకునేదాన్ని. ఒకరోజు మా వార్డుబాయ్ వెనక బైక్ మీద వచ్చి, మేడం మీరు కనపడలేదు, మీ చెప్పుల రేడియం కనపడింది అన్నాడు. చెప్పుల మడమ మీద పిల్లల స్టిక్కర్ అంటించి ఉంది, అది మా పాప పని. ఆ రోజే స్టిక్కర్లు కట్ చేసే కొట్టుకి వెళ్ళి రేడియం టేపు కొన్నాను. పెడళ్ళకి, మడమలకి, మడ్‌గార్డుకి, హెల్మెట్ వెనక. పెద్ద ఖర్చేం కాదు.

ఆడవాళ్ళకి ఇంకో మాట. చలికి చున్నీ తలకి చుట్టుకుంటాం, కొస వెనక వదిలేస్తాం. మా కొలీగ్‌కి అది వెనక చక్రంలో చుట్టుకుని మెడ పట్టేసింది. అదృష్టం, నెమ్మదిగా వెళ్తోంది. చుట్టుకుంటే కొసలు రెండూ చొక్కాలోకి దోపుకోవాలి. మగవాళ్ళ మఫ్లర్‌కీ అంతే.

చైన్‌గ్రీజ్
పెడళ్ళకి అంటించడం చాలా తెలివైన పని. పైకీ కిందకీ ఆడే రెండు చుక్కలు కనపడగానే డ్రైవర్‌కి సైకిల్ అని అర్థమైపోతుంది. కదలని ఎర్ర చుక్క అయితే అది ఎంత దూరంలో ఉందో, బండో స్తంభమో తేల్చుకోవడానికే టైం పడుతుంది. నేను ఇన్నేళ్ళు తొక్కీ చీలమండకి కట్టలేదు. రేపే కడతా.

షీలానగర్_స్టాండు
ఆయన వెళ్ళే రూటే నాది. షీలానగర్ దగ్గర పోర్ట్ రోడ్డు వచ్చి హైవేలో కలుస్తుంది, అక్కడి నుంచి ట్రాలీలు మొదలు. వెనక నుంచి వచ్చేవాటి కంటే నాకు ఆగి ఉన్నవాటి భయం ఎక్కువ. డ్రైవర్ టీకి దిగుతాడు, వెనక లైట్లు ఆర్పేసి ఉంటాయి. మంచులో గోడలా ప్రత్యక్షమవుతుంది. నేను ఒకసారి ట్రాలీ వెనక రాడ్డుకి అరడుగు దూరంలో ఆగాను. ముందు లైటు మీరు కనపడటానికే కాదు, మీకు కనపడటానికి కూడా.

పెందుర్తి_పిల్లోడు
బ్లింక్ పెట్టాలా, స్టడీగా పెట్టాలా? నాది బ్లింక్. డిస్కో అంటున్నారు ఫ్రెండ్స్.

షీలానగర్_స్టాండు
ముందు స్టడీ. మిణుకుమనే వెలుతురులో గొయ్యి కనపడదు. మంచులో మాత్రం లైటు కిందికి వంచు, చక్రం ముందు పది పదిహేను అడుగులు చాలు. నేరుగా పెడితే మంచు మీద పడి తిరిగి మన కళ్ళల్లోకే కొడుతుంది, ఎదురుగా తెల్ల దుప్పటి కట్టినట్టు. వెనక రెండు ఉంటే మంచిది, ఒకటి వెలుగుతూ, ఒకటి మిణుకుతూ.

రాంగ్‌సైడ్_రాజు
వీటన్నిటికంటే సులువు చెప్తా. ఎదురుగా వచ్చే వైపు తొక్కండి. బండ్లు కంటికి కనపడతాయి, వెనక భయం ఉండదు. ఏటి తప్పు?

సుజాత_ఎంవీపీ
పేరుకి తగ్గ సలహా.

చైన్‌గ్రీజ్
రాజు గారూ, లెక్క చూద్దాం. లారీ 60, మీరు 15. ఒకే వైపు వెళ్తే అది మిమ్మల్ని చేరే వేగం 45. ఎదురెళ్తే 75. డ్రైవర్‌కి ఉండే టైంలో నలభై శాతం పోయింది. పైగా సందుల్లోంచి హైవే ఎక్కేవాడు కుడివైపే చూసి ఎక్కుతాడు. మీరు ఎడమ నుంచి వస్తారు. మంచులో ఆయన కల్లోకి కూడా రారు.

రాంగ్‌సైడ్_రాజు
మరి యూటర్న్ కోసం ఎంత దూరం పోవాలో మీకు తెలీదా?

గోపాలపట్నం_గేరు
ఒకటి ఒప్పుకోవాలి. ఎన్ఏడీ దగ్గర నేనూ ఒక రెండు వందల మీటర్లు ఎదురు తొక్కుతాను. రోజూ. ఇప్పుడు 75 అని చదివాక కడుపులో ఎలాగో ఉంది.

ఎండాడ_ఎక్కుడు
దిగి నడిపించుకుని వెళ్ళండి. సైకిల్‌కి ఉన్న సుఖమే అది. బైక్‌ని అలా తోసుకెళ్తే పెట్రోల్ అయిపోయిందా అని అడుగుతారు.

లంబసింగి_అల్లుడు
మా అత్తారిల్లు లంబసింగి. దాని ఇంకో పేరు కొర్రబయలు. రాత్రి బయలున పడుకుంటే పొద్దుటికి కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతారట. పోయిన సంక్రాంతికి పౌరుషానికి పోయి బావమరిది సైకిల్ వేసుకుని ఘాట్ దిగాను. సగం దిగేసరికి వేళ్ళు లేవు. ఉన్నాయి కానీ బ్రేకు నొక్కమంటే నొక్కవు. కాళ్ళు నేలకి రాపాడించి ఆపాను, చెప్పు అరిగి బొటనవేలు బయటికొచ్చింది. అందుకే గ్లౌజులు వెచ్చదనానికి అనుకోకండి, బ్రేకులో భాగం అనుకోండి. హార్డ్‌వేర్ కొట్లో దొరికే, అరచేతికి రబ్బరు చుక్కలున్న దారపు గ్లౌజులు మన ఊరికి చాలు.

బీచ్‌కాకి
బావమరిది సైకిల్ గురించి ఎవరూ అడగట్లేదు.

లంబసింగి_అల్లుడు
అతనూ అడగట్లేదు. మాట్లాడటమే మానేశాడు.

పంచర్_పైడిరాజు
కొట్టు పెట్టి ఇరవై ఏళ్ళు. చలికాలం నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది ‘బ్రేకు జారిపోతోంది’ అంటారు. బ్రేకు బాగానే ఉంటుంది, రిమ్ము మీద మంచు పడి తడిగా ఉంటుంది. రాత్రి బయట పెట్టిన సైకిల్ పొద్దున తీయగానే రిమ్ము గుడ్డతో తుడవాలి. బయలుదేరాక రెండుసార్లు ఊరికే నొక్కి వదిలితే తడి పోతుంది. జీబ్రా గీతల మీద, ఇనుప మూతల మీద తడి ఉంటే అక్కడ బ్రేకు వేయొద్దు, ముందే వేసుకోండి. చలికి టైరులో గాలి కూడా తగ్గుతుంది, వారానికోసారి కొట్టించండి. బీచ్ పక్క ఉండేవాళ్ళు చైన్‌కి నూనె మర్చిపోతే ఉప్పు గాలికి నెలలో ఎర్రగా అవుతుంది.

సుజాత_ఎంవీపీ
బీచ్ రోడ్డులో ఇసుక కూడా రాయండి పైడిరాజు గారూ. పొద్దున నడకవాళ్ళ కోసం బండ్లు ఆపేస్తారు కదా, అదే నాకు స్వర్గం. కానీ మలుపులో ఇసుక ఉంటే చక్రం సర్రుమంటుంది. మోకాలి మచ్చ సాక్ష్యం.

పిల్లికూతలు_ప్రసాద్
నాకు ఉబ్బసం. చలికాలం పొద్దున్నే పారిశ్రామిక ప్రాంతం వైపు తొక్కితే ఛాతీ పట్టేస్తుంది. డాక్టర్ చెప్పింది, నా అనుభవం రెండూ కలిపి రాస్తున్నా. ఊరు చుట్టూ కొండలు, గిన్నెలా ఉంటుంది. చలి రాత్రుల్లో నేల దగ్గర గాలి చల్లబడి కిందే ఉండిపోతుంది, పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. పొగ, బొగ్గు ధూళి, చెత్త మంటల పొగ అన్నీ ఆ మూత కిందే. ఎండెక్కాక గాని లేవదు. ఆ టైములో ఎగశ్వాసతో తొక్కితే లోపలికి పోయేది మామూలు చలిగాలి కాదు. ముక్కుతోనే గాలి పీల్చగలిగేంత నెమ్మదిగా తొక్కుతాను. మాస్కు పెట్టుకుంటే వదిలిన గాలి వెచ్చదనమే మళ్ళీ లోపలికి వచ్చి కాస్త నయం. ఇన్‌హేలర్ పై జేబులో ఉంటుంది, బ్యాగులో కాదు.

గేరు గారూ, రెండు వారాల దగ్గు అన్నారు. బనియన్ మార్చి ఊరుకోకండి, ఒకసారి చూపించుకోండి.

పెందుర్తి_పిల్లోడు
మాస్కు పెడితే కళ్ళద్దాల మీద ఆవిరి. రెండూ ఉన్నవాడి సంగతేంటి?

నైట్‌డ్యూటీ_నర్సు
అద్దాలకి సబ్బు పల్చగా రాసి మెత్తటి గుడ్డతో తుడిచెయ్యి. మాస్కు పై అంచు ముక్కుకి నొక్కుకోవాలి. మేం డ్యూటీలో చేసేది అదే.

టొరంటో_తమ్ముడు
నవ్వినందుకు సారీ. మా ఆఫీసువాళ్ళు కూడా ఇదే చెప్తున్నారు, తక్కువ వేసుకో, తడవకు, వెలుగుతూ ఉండు అని. డిగ్రీలే తేడా. సంక్రాంతి వెళ్ళేదాకా ఓపిక పడితే మీకు పొద్దున్నే వెలుతురు వచ్చేస్తుందిలెండి.

మబ్బుల_మేస్త్రి
అదే లేదు. సాయంత్రాలు డిసెంబర్ మొదటి వారం నుంచే పొడుగవుతున్నాయి, కానీ పొద్దులు అలా కాదు. మనకి సూర్యోదయం అన్నిటికంటే ఆలస్యమయ్యేది జనవరి మూడో వారంలో, దాదాపు ఆరున్నరకి. భోగి మంట ఆరిపోయాక కూడా మన గేరు గారికి చీకటే. సాయంత్రం షిఫ్ట్ వాళ్ళు చూసుకోవాల్సింది నవంబర్ చివర, డిసెంబర్ మొదలు. మనం తూర్పున ఉన్నాం కదా, 5.20 దాటగానే సూర్యుడు సెలవు. హైదరాబాద్‌లో మా తమ్ముడికి ఇంకో ఇరవై నిమిషాలు మిగులుతాయి.

షిప్‌యార్డు_తాత
ఈ ముక్క నాకు ఇన్నేళ్ళూ తెలీదు. సంక్రాంతి కాగానే డైనమో తీసి అటక మీద పెట్టేసేవాణ్ణి.

గోపాలపట్నం_గేరు
పది రోజులైంది, చెప్పి తీరాలి కదా.

తాళం తిరిగొచ్చింది. షరతులు మా ఆవిడవి. వెనక రెండు ఎర్ర లైట్లు, నర్సు గారు చెప్పిన రేడియం టేపు. మా వాడి పాత కబడ్డీ జెర్సీ లోపల, మీద విండ్‌చీటర్. జెర్సీ వెనక 7 అని ఉంది, షెడ్డులో ఇప్పుడు నా పేరు అదే. ఆరిన బనియన్ మార్చుకున్న మొదటి రోజే వణుకు లేదు. డాక్టర్ దగ్గరికి వెళ్ళాను, ఛాతీలో ఏమీ లేదు, మందు ఇచ్చారు, దగ్గు తగ్గుముఖం. చెవులకి పట్టీ. మొదటి రెండు కిలోమీటర్లు ఇంకా చలే, దానికి మందు లేదు.

నిన్న మళ్ళీ మంచు. ఎయిర్‌పోర్ట్ దగ్గర వెనక లారీ వెలుతురు కనపడింది. చాలా దూరం నుంచే కుడికి జరిగి, నన్ను వదిలేసి వెళ్ళింది. హారన్ కొట్టలేదు.

ఎన్ఏడీ దగ్గర మాత్రం దిగి నడిపిస్తున్నా. నాలుగు నిమిషాలు ఎక్కువ.

రాంగ్‌సైడ్_రాజు
నాలుగు నిమిషాలే అయితే నేనూ చూస్తా. ఒక వారం.

షిప్‌యార్డు_తాత
పేపరు ఎవరూ పెట్టుకోలేదన్నమాట.

పెందుర్తి_పిల్లోడు
నేను పెట్టా తాతా. దారిలో జారి కిందికి వచ్చేసింది. షెడ్డుకి వెళ్ళేసరికి ప్యాంటులో రాశిఫలాలు ఉన్నాయి.